రాయా, రేగడా?

మట్టి తవ్వే పెద్ద బండ్ల కింద తిరిగే ఇనుప పట్టాను పుస్తకాల్లో ఏమంటారో గానీ, ప్రొద్దుటూరులో మా షెడ్డుకు వచ్చేవాళ్లంతా చైను అనే అంటారు. దాని మీది పలకలు ప్లేట్లు. వెనక దాన్ని లాగేది పళ్ల చక్రం. ఈ మూడు మాటలతోనే మా నాయన సంసారం నెట్టుకొచ్చాడు.

చైను బిగువు చూడటానికి ఆయన టేపు వాడేవాడు కాదు. బకెట్టును నేలకు ఆనించి బండిని ఒక పక్క పైకి లేపితే చైను కిందికి వేలాడుతుంది. దిమ్మెలు పెట్టించి, ఇంజను ఆపించి, ఆ సందులో చెయ్యి పెట్టి జాన కొలిచేవాడు. రాతిలో పనిచేసే బండికి జానెడు, నల్లరేగడిలో దిగే బండికి దాని మీద నాలుగు వేళ్లు. రేగడి మట్టి పళ్లలో కూరుకుపోయి చైనును తనంతట తానే బిగించేస్తుంది. అందుకే వదులు ముందే ఇవ్వాలి.

ఒకసారి పులివెందుల దగ్గరి రాతి క్వారీ నుంచి ఒక బండి వచ్చింది. నాయన జానెడు పెట్టి పంపాడు. మూడో రోజు జమ్మలమడుగు నుంచి ఫోను. అదే బండితో చెరువు పూడిక తీస్తుంటే, చైను ముక్కల్ని కలిపే పిన్ను విరిగి, చైను ఊడి, బండి బురదలో కూలబడిందట.

నాయనా నేనూ వెళ్లేసరికి గట్టు మీద పదిమంది ఉన్నారు. బండి యజమాని అందరి ముందే అన్నాడు.

"ఏంది మామా, నీ చేతిపని ఇంతేనా? ఈసారి ఇంకెవురితోనన్నా చేయించుకుంటాలే."

నాకు తల కొట్టేసినట్టయింది, వెంటనే ఒళ్లు మండింది. రేగట్లోకి పోతున్నామని ఒక్క మాట చెప్పకుండా దింపింది వాళ్లు. అదే అనబోయాను. నాయన పళ్ల మధ్య గట్టిపడిన మట్టిని వేలితో గీకి చూసి లేచాడు.

"తప్పు నాదేప్పా. క్వారీ నుంచి వచ్చింది గదా, మళ్లీ ఆడికే పోతాదనుకున్యా. యాడికి పోతాందని అడగల్యా. కొత్త పిన్ను నేనే ఏస్తా."

నాయన మోకాలి లోతు బురదలో దిగి సాయంత్రానికల్లా చైను ఎక్కించాడు. అంతమందిలో తప్పు ఒప్పుకున్న మనిషికి కూతుర్నని ఆ రోజు నేను పడినంత గర్వం మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఆ యజమాని ఈనాటికీ మా షెడ్డు దాటి పోడు.

మరుసటి రోజు నుంచి, ఏ బండి వచ్చినా పానా ముట్టుకునే ముందు నాయన అడిగేది ఒకటే. "రాయా, రేగడా?"

ఇప్పుడు షెడ్డు నేనే చూసుకుంటున్నాను. నా చెయ్యి చిన్నది. నాయన జాన రావాలంటే నా జాన మీద రెండు వేళ్లు కలపాలి. మొన్న కొండాపురం పోయే బండికి అలాగే కొలిచి పెట్టాను. డ్రైవరుకు నమ్మకం కుదరలేదు. కుర్చీలో కూర్చున్న నాయన దగ్గరికి పోయాడు.

"పెద్దాయనా, నువ్వు గూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడప్పా."

నాయన లేవలేదు.

"మా పాప నిన్ను అడిగిందా, రాయా రేగడా అని?"

"అడిగింది."

"అయితే ఇంక నేను చూసేదేముంది? తోలుకోని పో."