ఆఖరి పావుగంట

మా మేనత్త పోయిందని మంగళవారం పొద్దున్న తమ్ముడు ఫోన్ చేశాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఆ సినిమా ఇంకా ఆడుతోందా?" అని. "అక్కా, నీకేటయ్యింది?" అన్నాడు వాడు. ఏమైందో నాకే తెలియదు. ఇది రాస్తున్నప్పుడూ తెలియడం లేదు.

అత్తకి రాణుల సినిమాలంటే పిచ్చి. పిచ్చి అనాలో పగ అనాలో తేల్చుకోలేను. చీపురుపల్లి హాల్లో రాణి బొమ్మ పడిందంటే వరి ఉడుపుల రోజైనా సరే, మడిలోంచి గట్టెక్కి కాళ్ళు కడుక్కుని మేట్నీకి వచ్చేది. వచ్చి, కూర్చున్న దగ్గర్నుంచి తిట్టేది. "గుర్రమెక్కి నాలుగూళ్ళు తిరిగొచ్చినాది, కొప్పు ఊడనేదు సూడు. నేను ఒక్క మడి నాటితే జుట్టంతా ముఖమ్మీదే ఉంటాది." ఇంకాసేపటికి, "పదిమంది సెలికత్తెలున్నారు, ఒక్కదానికీ పేరు నేదేటి?" మీలో ఎవరైనా ఆ హాల్లో వెనక వరసలోంచి ఇలాంటి మాటలు విని విసుక్కుని ఉంటే, ఆవిడే మా అత్త. క్షమించండి.

"మరెందుకొచ్చావత్తా?" అని అడిగితే, "ఎవులో ఒకరు సూడాల కదే" అనేది. అదేం జవాబో నాకు అర్థమయ్యేది కాదు.

నాకు ఏడేళ్ళప్పుడు మొదటిసారి నన్ను తీసుకెళ్ళింది. తెర మీద రాణి మంటల వైపు నడుస్తుంటే, అత్త ఒళ్ళో ముఖం దాచుకుని గుక్కపట్టి ఏడ్చాను. నన్ను చంకనేసుకుని బయటికి తెచ్చి మిక్చరు పొట్లం కొనిపెట్టింది. తర్వాత రాణి ఏమైందని అడిగాను. "ఏటవుతాది, నీళ్ళోసి ఆర్పీసి, ఇంటికెళ్ళి అన్నం తినీసినాది" అంది. నమ్మేశాను.

అప్పట్నుంచి మాకదే ఆచారం. ఆఖరి పావుగంట ఉందనగా అత్త లేచేది, వెనకాలే నేను. బస్టాండుకి నడుస్తూ ప్రతి రాణికీ తనే ఒక ముగింపు చెప్పేది. ఒకావిడ కోట గెలిచేది. ఒకావిడ రాజుని వదిలేసి పుట్టింటికొచ్చి చెరుకు వేసుకునేది. కాలేజీలో ఉండగా ఆ సినిమాల చివర్లు టీవీలో చూశాను. అందరూ చచ్చిపోయినవాళ్ళే. పాపం, తెర మీద చావు చూసి అత్త తట్టుకోలేదు కాబోలు అనుకుని, నాకు తెలిసిపోయిన సంగతి బయటపెట్టలేదు. టీచరునయ్యాక ఆమె కంటే ముందు నేనే లేచి "పదత్తా" అనేదాన్ని.

పోవడానికి వారం ముందు చూసిందే చివరి సినిమా. అప్పటికే ఆయాసపడుతోంది. ఎప్పట్లాగే పావుగంట ముందు లేచాను. అత్త లేవలేదు. "కూకోవే కాసేపు" అంది. ఆ ఒంటితో ఆమె ఆ చావు చూడకూడదని, చెయ్యి పట్టుకుని లేపేశాను. బస్టాండు దగ్గరికొచ్చినా ముగింపు చెప్పలేదు. "ఈ రాణి ఏమైందత్తా?" అని నేనే అడిగాను. "సూస్తే కదా" అంది.

పదోరోజున ఇదంతా పక్కింటి పిన్నికి చెప్పుకుని ఏడ్చాను. పిన్ని తెల్లబోయింది. "మీ అత్త బొమ్మలో సావు సూడనేదా? ఎవులు సెప్పినారే? నీతో ఎళ్ళొచ్చిన మర్నాడు నన్ను ఎంటబెట్టుకుని మళ్ళీ ఎళ్ళీది. ఆకరి దాకా కన్నార్పకుండా సూసీది. 'మా కోడలు బెదిరిపోతాది, దాంతో ఎళ్తే మజ్జిలో లేసొచ్చీయాల' అనీది. ఈ ఒక్క బొమ్మకే, ఆయాసం వల్ల, మళ్ళీ ఎళ్ళనేకపోనాది."

పిన్నికి ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే అలవాటుంది. కానీ ఇది అబద్ధమైతే, ఆ రోజు అత్త "కూకోవే" అని ఎందుకంది? నిజమైతే, ఇన్నేళ్ళూ ఎవరు ఎవరిని బయటికి తీసుకొచ్చినట్టు? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆ రాణిని ఆమె చివరిదాకా చూడాలనుకుంది, నేను చూడనివ్వలేదు. దానికి మాత్రం నాకు చాలా బాధగా ఉంది.

హాల్లో బొమ్మ మారిపోయింది. నాకు ఒకటే కళ్ళ ముందు కదులుతోంది. ఆ రోజు హాలు తలుపు దగ్గర పరదా ఎత్తి పట్టుకుని నేను ముందు నిలబడ్డాను. అత్త గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. తెర మీది వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. "రా అత్తా" అంటున్నాను. ఆమె ఇంకా అటే చూస్తోంది.