మేష్టారి ఉప్పునీళ్ళ కుండ

ముసలయ్య మేష్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే. సముద్రం వైపు వెళ్ళే మనిషిని ఖాళీ చేతులతో పోనిచ్చేవారు కాదు. చేతికో కుండ ఇచ్చేవారు, వచ్చేటప్పుడు అది ఉప్పునీళ్ళతో రావాలి. రామచంద్రపురంలో యానాం పనిమీద బయలుదేరేవాళ్ళు ఆయన గుమ్మం తప్పించుకోడానికి చేలగట్ల మీద చుట్టుతిరిగి పోయేవారు. ఒకసారి అటు తరలివెళ్తున్న పెళ్ళికొడుకునే ఆపి, "మూడుముళ్ళూ వేశాక నీకేం పని నాయనా?" అని ఒళ్ళో కుండ పెట్టారు. కుండ వచ్చింది. కొత్త పెళ్ళికూతురు మోసుకొచ్చింది.

ఇదంతా ఒక పువ్వు కోసం. మిషను బడి దొరసాని సీమకు పోతూ, గాజుజాడీలో పెంచుకున్న సముద్రపు పువ్వును ఆయనకు అప్పగించి పోయింది. పేరుకు పువ్వే గానీ అది జంతువు. నత్తగుల్లకు అంటుకుని, వేళ్ళలాంటి రేకులు చాచుకుని కూర్చుంటుంది. మేష్టారు పుల్లతో రొయ్యముక్క అందించి, "తిన్నావా తల్లీ?" అని అడిగేవారు.

"నన్నెప్పుడైనా అడిగారా ఆ మాట?" అనేది భార్య సూరమ్మ.

"నీకు వంటొచ్చు. పాపం, దానికి రాదు కదే."

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ దగ్గర సూరమ్మకు ఇదే కథ. "మా ఆయనకి పరలోకంలో చోటిచ్చినా, అక్కడ సముద్రం ఎంత దూరమండీ అని అడుగుతారమ్మా" అనేది. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

నీళ్ళ మట్టానికి గుర్తుగా జాడీకి ఒక నూలుపోగు కట్టి ఉండేది. ఎండకు నీళ్ళు ఇగిరి పోగు కిందికి దిగితే, ఇగిరినంత మేరకు మంచినీళ్ళు ఒక్క గరిటెడు పోసేవారు మేష్టారు. నీళ్ళు ఇగురుతాయి గానీ ఉప్పు ఇగరదు కదా! సూరమ్మకు ఆ సంగతి తెలీదు. గరిటె మాత్రమే కనబడేది. రోజంతా ఉప్పులో నానేదానికి తాగడానికి ఇంతేనా అని ఆమె ప్రాణం ఉసూరుమనేది.

ఒక వేసవిలో మేష్టారు సభలకని మండపేట వెళ్ళారు. రెండోరోజుకు పువ్వు ముడుచుకుపోయింది. ఇంట్లో ప్రాణి దాహంతో ఉంటే గోదావరి ఆడది చూస్తూ ఊరుకుంటుందా? ఉప్పునీళ్ళు పారబోసి, ఇండుపగింజ అరగదీసి తేర్చిన గోదావరి నీళ్ళు, తను తాగే కుండలోవే, జాడీ నిండా పోసింది. మర్నాటికీ పువ్వు విచ్చుకోలేదు. కడుపునిండి పడుకుందనుకుంది.

మేష్టారు వచ్చి, జాడీలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఏంటండీ, బాగాలేదా?"

"నిద్రపోతోంది. గాలి తగలాలి, బడిలో పెడతాను. కప్పు నేయించే పనుంది, నాలుగురోజులు నేనూ అక్కడే పడుకుంటాను" అని జాడీ పట్టుకుపోయారు.

వారానికి పువ్వు తిరిగొచ్చింది. పోయినప్పుడు గోధుమరంగు. వచ్చినప్పుడు ఎరుపు, పైగా రెండింతలు.

"నీ నీళ్ళ మహిమే సూరమ్మా. ఇక పోయకు, ఇంకా బలిస్తే జాడీ పగులుద్ది" అన్నారు. ఆయన వీపంతా బొబ్బలు. అదేంటంటే, బడికి తాటాకు నేయిస్తూ ఎండలో నిలబడ్డానన్నారు. సూరమ్మ వెన్న రాస్తూ చెడతిట్టింది. ఆ తర్వాత ఊరంతా చెప్పుకుంది: "ఇన్నేళ్ళూ ఊరిచేత ఉప్పునీళ్ళు మోయించారు. నా ఒక్క కుండకి రంగు తేలింది." మేష్టారు పక్కనే నిలబడి తలూపేవారు.

నాలుగేళ్ళకు మేష్టారు జ్వరంతో పోయారు. పక్షం తర్వాత పడవ నడిపే చిట్టియ్య కుండతో వచ్చాడు.

"మేష్టారు ఆఖరుసారి పురమాయించిన నీళ్ళండి."

"ఇంకెందుకు చిట్టియ్యా? మంచినీళ్ళు పోస్తాలే. ఆ ఏడు వాటితోనే కదా బతికింది."

చిట్టియ్య కుండ అరుగు మీద దించాడు. "చెప్పనని ఆయనకి మాటిచ్చానండి. చెప్పకపోతే ఇదీ పోద్ది. అది బతకలేదండి అమ్మగారూ. మేష్టారు నా పడవెక్కి, గోదారి సముద్రంలో కలిసే మొగ దాకా వచ్చి, ఆ ఎండలో మూడ్రోజులు నడుంలోతు నీళ్ళలో వంగి వెతికారండి, ఇంకోదాని కోసం. 'మా సూరమ్మ దయతో పోసింది, తెలిస్తే ముద్ద మింగదు' అన్నారండి."

సూరమ్మ కుండ చేతుల్లోకి తీసుకుంది. వెన్న రాస్తూ తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. ఆయన్ను చూపించి పదిమందిని నవ్వించిన ఆదివారాలు గుర్తొచ్చాయి. ఒక్కనాడైనా ఆయన్ను వెనకేసుకురాలేదే అని కుమిలిపోయింది.

కుండ వంచి జాడీలో నీళ్ళు మార్చింది. పుల్లతో రొయ్యముక్క అందించింది. "తిన్నావా తల్లీ?" అని అడిగింది.

చిట్టియ్య మెల్లగా మెట్లు దిగుతున్నాడు.

"ఆగు చిట్టియ్యా. యానాం వెళ్తూ ఖాళీ చేతులతో పోతావేంటి?" అని కుండ కడిగి అతని చేతికిచ్చింది.