మసి అనుకుని తుడిచిన పూలు

మా బావ పోయాడు. మా అక్క భర్త. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది, వానలు సరిగ్గా అందుకోక ముందే పోయాడు. పొద్దున నేను చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. నాచారంలో వాళ్ల మేడ మీద అద్దెకుండే అమ్మాయి.

"మామా, మీ బావ లేస్తలేడు. ఎంత పిలిచినా పలుకుతలేడు. జర జల్ది రా" అన్నది.

ఉప్పల్ నుంచి నాచారం ఎంత దూరం? ఆటోలో ఉరికాను. నేను చేరేసరికే ఒళ్లు చల్లబడింది. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. మంచి చావు అని వచ్చినవాళ్లంతా అన్నారు. చావులో మంచిది ఏముంటుందో నాకు తెలియదు. అక్క మాత్రం ఆయన కాళ్ల దగ్గర కూర్చుని దుప్పటి సర్దుతూ, "లొల్లి జెయ్యకుండ్రి. రాత్రి డ్యూటీ జేసి వచ్చిండు. జర పండనియ్యుండ్రి" అని అందరినీ కసురుతోంది. ఆయన రిటైరై ఎన్నో ఏళ్లయింది.

నేను బళ్లో కూర్చున్నది తక్కువ, లారీలో కూర్చున్నది ఎక్కువ. అయినా ఆయన గురించి ఇంకెవరో రాసి తప్పులు చెప్పడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

బావ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్. బీడీ లేదు, మందు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, పాత గాజు దీపాలు. కరెంటు రాకముందు ఉన్నోళ్ల ఇళ్లలో వెలిగిన గాసునూనె దీపాలు, అంటే కిరోసిన్‌వి. కింద నూనె పోసే గాజు బుడ్డి, పైన గాలి కొట్టకుండా గ్లాసు. రెండింటి మీదా ఎవరో చేత్తో, సన్నటి కుంచెతో వేసిన పూలు, తీగలు, పిట్టలు. ఆదివారం వస్తే పాత సామాన్ల దుకాణాలు, పాత ఇల్లు కూలగొడుతున్నారంటే అక్కడ. దొరికినదాన్ని తువ్వాలలో చుట్టి, ఒడిలో పెట్టుకుని సిటీ బస్సులో తెచ్చేవాడు.

"ఏం పెద్దాయనా, చంటిపిల్లనా? టికెట్ కొట్టాల్నా?" అని కండక్టరు ఎకసెక్కం చేస్తే, "కొట్టు బిడ్డా. గని తాకకు" అనేవాడు.

ముందు గదిలో వాటికోసం అద్దాల అల్మారా చేయించాడు. ఆ పూల రంగు కాల్చి పట్టించినది కాదు, పైపైన పూసినది. తడి తగిలి రుద్దితే ఊడివస్తుంది. అందుకని పొడి దూదితో, ఊపిరి బిగబట్టి దుమ్ము తీసేవాడు. వేడికి రంగు పెచ్చులు లేస్తుందని ఏనాడూ ఒక్కటీ వెలిగించలేదు. అప్పటి కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. అల్మారా నిండా దీపాలున్న ఇంట్లో మా అక్క చీకట్లో మైనపు వత్తి కోసం తడుముకునేది.

"ఒక్క దీపమున్నోళ్లింట్ల ఎలుగున్నది. గిన్నున్న మనింట్ల చీకటి" అని దెప్పేది.

"అవి ఎలిగిచ్చేటియి కావే. సూసేటియి."

"సూడనీకె ఎలుగేది మరి?"

 చీకట్లో బావ నవ్వు వినబడేది.

నేనూ ఊరుకునే రకం కాదు. "గాజు మీద పెట్టే పైసలు అన్నోజిగూడల జాగ మీద పెట్టు బావా" అని ముఖం మీదే అన్నాను. "జాగను రోజు తుడిచి సూసుకుంటమా బామ్మర్దీ?" అన్నాడు. అట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం?

పీర్జాదిగూడలో కొత్త ఫ్లాటు కొన్న సాఫ్ట్‌వేర్ జంట ఒకసారి వచ్చారు. కోస్తా వైపు వాళ్లు. "హాల్లో సోఫా పక్కన పెట్టుకుంటే చాలా బాగుంటాయండీ. ఒక జత ఇవ్వండి అంకుల్" అని బతిమాలారు. బావ వాళ్లకు చాయ్ తాగించాడు. ఒక్కో దీపాన్నీ దించి చూపించాడు. చివరికి అడిగాడు, "మీ ఇంటికి పనామె వస్తదా?"

"వస్తుందండీ."

"తడిబట్టతోని తుడుస్తది. వద్దు తీయుండ్రి."

తడిబట్ట ఆయన ఇంట్లోనే ఉందని అప్పుడు ఎవరికి తెలుసు?

వాళ్లకు పిల్లలు లేరు. ఆయనకు అక్క, అక్కకు ఆయన. అక్క మొదట పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. తర్వాత నా పేరు మరిచిపోయింది. దవాఖానాలో అన్ని పరీక్షలూ చేసి, ఇది మతిమరుపు జబ్బు, మందులతో తిరిగి రాదు అన్నారు. నిన్నటి సంగతులు పోయాయి, నిరుటివి పోయాయి, పెళ్లి కూడా అప్పుడప్పుడూ పోయేది. వెనక్కి వెనక్కి పోయి, భువనగిరి దగ్గర మా ఊళ్లో, మా నాయిన ఇంట్లో చిన్నపిల్లగా ఆగిపోయింది. ఆ ఇంట్లో పొద్దుగూకే ముందు దీపం గ్లాసులు తుడవడం ఆమె పని. సన్నటి గ్లాసులో పట్టేది ఆమె చేయి ఒక్కటే. తడిగుడ్డ, పొయ్యిలో బూడిద. గ్లాసు మీద మసి కనబడితే నాయిన ఊరుకునేవాడు కాదు.

ఒక సాయంత్రం బావ పాలకు వెళ్లి వచ్చేసరికి అక్క నల్లా దగ్గర బండ మీద కూర్చుని ఉంది. చేతిలో అల్మారాలోని దీపం, పక్కన గిన్నెలు తోమే పొడి. గులాబీలు అప్పటికే సగం పోయాయి.

"ఎంత మసి పట్టిందో సూడు. గీ ఇంట్ల ఎవ్వరికి పట్టదు" అన్నదట.

పువ్వు ఆమె కంటికి మసిగా కనబడింది.

మేం చేయనిది లేదు. బావ అల్మారాకు తాళం వేశాడు. అక్క దాని ముందు కూలబడి, "చీకటైతంది, నాయిన కొడతడు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను బజారులో ఉత్త దీపం గ్లాసులు కొని, మంట మీద పట్టి మసి చేసి ఇచ్చాను. వాటిని చకచకా తుడిచి పక్కన పెట్టి, మళ్లీ అల్మారా దగ్గరికే నడిచింది. ఇంకా మురికివి ఉన్నాయి కదా! రంగు పోయిన దీపాన్నే మళ్లీ చేతిలో పెడితే, "ఇది సాఫ్‌గనే ఉన్నది. నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవా?" అని నన్నే తిట్టింది.

చివరికి నేను బావను గట్టిగా అడిగాను. "ఆ పీర్జాదిగూడ పిల్లలను పిలువు. అన్ని ఒక్కసారే తీస్కపోతరు. ఆడనన్న బతుకుతయి."

"అవి బతుకుతయి. మరి మీ అక్క పొద్దుమీకి ఏం తుడవాలె?"

"ఎన్ని దినాలు బావా? ఒక దినం అయిపోతయి గద!"

"అయితయి" అన్నాడు. అంతే.

మరుసటి నెలలో తాళం తీసేశాడు. అక్క ఆగలేని సాయంత్రం తనే ఒక దీపం దించేవాడు. కళ్లద్దాలు తుడుచుకుని, ఆ పూలను ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి చూసుకునేవాడు. ఆ తర్వాత ఆమె చేతిలో పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. "జర నిమ్మలంగ తుడువు. పొద్దు ఇంకా గూకలే" అనేవాడు. ఆమె పని అయ్యాక గ్లాసును ఆకాశానికి ఎత్తి చూపించేది. "ఎట్లున్నది?" "మస్తుగైంది" అనేవాడు. ఆ రాత్రికి అక్క కడుపునిండా తిని, చల్లగా పడుకునేది.

నాకు చూడబుద్ధయ్యేది కాదు. పాణం పెట్టి తెచ్చుకున్నావు, నీ చేతులతోనే ఇట్లా ఎట్లా ఇస్తున్నావని ఒకనాడు అడిగాను. ఆయన ఖాళీ అరలో దుమ్మును దూదితో తీశాడు. "తెచ్చేటప్పుడు నాకేం తెల్సు బామ్మర్దీ, ఎవరికోసం తెస్తున్ననో" అన్నాడు. 

బావ దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. నేను నాచారంలోనే ఉండిపోయాను. మొన్న సాయంత్రం అక్క వచ్చి నా ముందు చేయి చాచింది.

"పొద్దుగూకుతంది. గ్లాసులియ్యి."

అల్మారాలో రంగున్నవి కొన్నే మిగిలాయి. చేతికి అందిన దాని మీద రెండు చిలుకలు, జామకొమ్మ. ఎంత బరువైన లోడైనా దించినవాణ్ణి, దాన్ని రెండు చేతులా పట్టి దించాను. అక్క దాన్ని లాక్కుని బండ మీద కూర్చుంది. నేను ఎదురుగా పీట వేసుకోలేదు, నిలబడ్డాను. ఒక రుద్దుకు చిలుక రెక్క పోయింది.

అక్క ఆగి గుమ్మం వైపు చూసింది.

"ఆయన ఇంకా రాలేదేంది?"

 ఆమె మళ్లీ తడిగుడ్డ గ్లాసు మీద పెట్టింది. ఆకుపచ్చ నీళ్లు ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా జారి, చుక్కలు చుక్కలుగా బండ మీద పడుతున్నాయి. నేను నల్లా కట్టేశాను. చుక్కలు ఆగలేదు.