బయటి తెర మీద తెరుచుకున్న ఫొటో

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం. గోదావరిఖనిలో మా నెట్ సెంటర్ ముందు ఒక బెంచీ, దానికి ఎదురుగా గోడకు ఒక మానిటర్ ఉండేవి. గని కార్మికుల క్వార్టర్ల కేటాయింపో, పరీక్షా ఫలితాలో వస్తే ఆ బయటి తెర మీద తెరిచేదాన్ని. గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు టీ తాగుతూ తమ పేర్లు వెతుక్కునేవారు.

నేను చదివింది ఏడో తరగతి. ఉచితంగా దొరికే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను మా తమ్ముడు కంప్యూటర్లో వేసి, దాని గుట్టు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మనం తెరిచే ప్రోగ్రామ్ తనంతట తాను తెర మీద బొమ్మ గీయదట. ఎక్స్ సర్వర్ అనే మధ్యవర్తిని అడుగుతుందట. విందులో వడ్డించే మనిషిలాంటిది అది. ఏ విస్తరి చూపిస్తే అందులో వడ్డిస్తుంది. ఆ విస్తరి ఏదో చెప్పే సెట్టింగు పేరు డిస్‌ప్లే. మా దగ్గర లోపల నా ముందున్న తెర, బయటి తెర రెండూ వేరువేరు. ఒకదాని మీద తెరుచుకున్న విండోను మౌస్‌తో రెండో దాని మీదికి లాగలేం. మూసి మళ్లీ తెరవాల్సిందే.

ఆ మధ్యాహ్నం సుజాత వచ్చింది. భర్త గనిలో పోయాక, అతని బదులు ఆఫీసులో అటెండర్‌గా చేరిన పిల్ల. నా చెవి దగ్గరికి వంగింది.

“అక్కా, పాస్టరమ్మ నాకొచ్చిన మందమర్రి సంబంధం ఫొటో మెయిల్‌ల పంపింది. ఇంట్ల నా ఫోన్ అందరు చూస్తరు. నచ్చితే అత్తమ్మకు నేనే మెల్లగ చెప్పుకుంట. అప్పటిదాక ఎవ్వరికి తెల్వద్దు.”

“ఫికర్ చెయ్యకు చెల్లె,” అన్నాను.

పొద్దున క్వార్టర్ల వివరాలు చూపించడానికి డిస్‌ప్లేని బయటి తెరకు మార్చి, తిరిగి లోపలి తెరకు పెట్టడం మరిచాను. మెయిల్ లోపలి తెర మీదే తెరిచి, ఫొటోను కంప్యూటర్లోకి దించి నొక్కితే మా ముందు ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. బయట నవ్వులు.

“ఏందక్కా, క్వార్టర్‌తోని పెండ్లికొడుకును గూడ ఇస్తున్నరా?”

“మీసం జూడు, మా గని ఓవర్‌మన్ సారు లెక్కనే ఉన్నడు!”

అప్పటికి వాళ్లు చూసింది ఎవరో మగమనిషి మొహమే. గమ్మున మూసేస్తే అయిపోయేది. కంగారులో నేనే అరిచాను: “అయ్యో సుజాతా, నీ సంబంధం ఫొటో బయటి తెర మీద వచ్చిందే!”

నవ్వులు ఆగిపోయాయి. సుజాత భర్తకు అన్న అయ్యే మనిషి ఆ బెంచీ మీదే టీ గ్లాసుతో కూర్చున్నాడు. నేను చూసుకోనేలేదు. అతను లేచి గుమ్మంలోకి వచ్చాడు.

“ఇంటికి నడువు,” అన్నాడు సుజాతతో. అంతే.

కొంగు తల మీదికి లాక్కుని ఆమె వెళ్లిపోయింది. సంబంధం అక్కడితో ఆగింది.

బయటి మానిటర్ ఆ రోజే తీసేశాను. తీసేసి ఏం లాభం? ఎక్స్ సర్వర్ నేను చెప్పిన చోట బొమ్మ చూపించింది. అది ఎవరి కోసం వచ్చిన ఫొటోనో దానికి తెలియదు. పేరు చెప్పింది నేను. నలుగురి పనులు చేసిపెట్టే చోట కూర్చున్నాక, మిషన్ కన్నా ముందు నా నోరు నా అదుపులో ఉండాలని అప్పుడు తెలిసింది.

చాన్నాళ్లకు సుజాత తన కూతురి హాల్‌టికెట్ కోసం వచ్చింది. నేను ఏదో చెప్పబోయాను.

“జల్ది తియ్యక్కా,” అంది. ఆ వెంటే మెల్లగా, “పేరు పెట్టి పిలువకు.”

కాగితం చేతికిచ్చాను గానీ, తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.