ఫొటోలో మిగిలిన చెయ్యి

పొలిక్సేని భర్త లాంబ్రోస్ పోయి పది నెలలైంది. ఏడాది తిరిగేదాకా ఆ గ్రీకు కొండ ఊళ్లో భర్త పోయిన ఆడది నల్లబట్టలు విడవకూడదు, ఆటపాటల వైపు పోకూడదు. పండగనాడు పొలిక్సేని మైదానానికి వెళ్లింది ఆకుకూర రొట్టె ఇచ్చి రావడానికే.

అమెరికా టీవీలో కబుర్ల షో నడిపే పెద్దమనిషి ఆ రోజే కెమెరాలతో దిగాడు. "ఆయన ఏమడిగినా కాదనకండి, ఊరి పరువు" అని ఊరిపెద్ద థనాసిస్ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అతిథి నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని మైదానంలో సాగుతున్న నాట్యంలోకి లాగాడు. మూడడుగులు వేసి బయటపడింది. ఆ మూడడుగులూ లోకమంతా చూసింది.

"పది నెలలకే గంతులా?" అని ఆడపడుచు స్తమాతా విరుచుకుపడింది. "విదిలించుకోలేకపోయావటే?"

"విదిలించుకుంటే మీ పరువేమయ్యేది వదినా?"

చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం అందరూ మానేశారు. అతిథి ఫొటోకు మాత్రం ఫ్రేము కట్టించి, థనాసిస్ తన కాఫీ కొట్లో తగిలించాడు. పొలిక్సేని వెళ్లి చూసింది. ఆమెను కత్తిరించేశారు. అతిథి పట్టుకున్న ఆమె నల్లచొక్కా చెయ్యి ఒక్కటే మిగిలింది.

"దీన్నెందుకు ఉంచావు థనాసిస్?"

"అది కోస్తే ఆయన చెయ్యి తెగుతుందమ్మా."