క్యాంపర్‌లో ఎవరైనా ఉంటున్నారా

తెల్లవారుజామున గాలి పడిపోతే మా అమ్మమ్మ ఆర్డిత్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి పెరట్లోకి చూసేది. అమెరికాలో మా వయోమింగ్‌లో ఎప్పుడూ గాలే, అది పడిపోవడమే ఒక వింత. ఆ కాసేపూ ఆకు కదలదు, తీగ మీద ఆరేసిన తువ్వాలు కదలదు, పక్కింటి కుక్క కూడా ఏదో జరగబోతోందన్నట్టు తోక ఆపేస్తుంది. పెరటి మూల జాకీల మీద నిలబెట్టిన క్యాంపర్ మాత్రం ఊగేది. అటు కొంచెం, ఇటు కొంచెం. లోపల ఎవరో బెంచీ మీంచి లేచి, రెండడుగులు వేసి, పొయ్యి దగ్గర ఆగినట్టు.

లేచాడు, అనుకునేది అమ్మమ్మ. అనుకుని తన కాఫీ తను కలుపుకునేది.

లేచినవాడు తాత డెల్బర్ట్. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

క్యాంపర్‌కి చక్రాలుండవు, ఇంజనుండదు. బల్లలోకి సొరుగు దూరినట్టు ట్రక్కు వెనకతొట్టిలోకి దూరి కూర్చునే చిన్న గది అది. అందులో ఒక పరుపు, ఒక పొయ్యి, ఒక గ్యాస్ హీటరు, మోకాళ్ళు తగిలించుకుని ఇద్దరు కూర్చోగల బల్ల. ప్రయాణం లేనప్పుడు మూలమూలనా ఉన్న జాకీలు తిప్పి దాన్ని పైకి లేపి, కింద నుంచి ట్రక్కును లాగేస్తారు. అలా నిలబడ్డప్పుడు దాని ఒళ్ళు లావు, కాళ్ళు సన్నం. లోపల పిల్లి దూకినా బయటికి తెలుస్తుంది.

అమ్మమ్మ తన వయసంతా పశువుల వేలంశాలలో కాటా దగ్గర గడిపింది. పెళ్ళయిన కొత్తలో తాత తన దూడలకి తెల్లారే కడుపునిండా నీళ్ళు తాగించి, బరువు తూగుతాయని తోలుకొచ్చి, కాటా దగ్గరున్న కొత్త పెళ్ళానికి కన్ను గీటాడట. అమ్మమ్మ ఆ దూడల్ని పక్క కొట్టంలో నిలబెట్టి, అవి పోయాల్సిందంతా పోసేదాకా కాటా ఎక్కనివ్వలేదు. కొనడానికొచ్చినవాళ్ళు కంచె పట్టుకుని నవ్వారు. తాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆ సంగతి తనే అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

తాత పని చలికాలంలో రోడ్ల మీద మంచు తోసే బండి నడపడం. పని మానేశాక కూడా ఒళ్ళు మానలేదు, చీకటితోనే మెలకువ వచ్చేసేది. దగ్గు, గిన్నెల చప్పుడు, రేడియోలో పశువుల ధరలు. నీ కాఫీ ఏదో ఆ క్యాంపర్‌లో కాచుకోమని అమ్మమ్మ ఒకరోజు విసుక్కుంది. ఆయన నిజంగానే వెళ్ళాడు. తర్వాత రేడియో వెళ్ళింది, దుప్పటి వెళ్ళింది, బూట్లు వెళ్ళాయి. గొడవేం లేదు. మధ్యాహ్నం భోజనానికి చుట్టంలా తలుపు తట్టి వచ్చేవాడు, వంట బాగుందని చెప్పి మరీ వెళ్ళేవాడు.

ఆయన పోయిన రోజు కూడా గాలి లేదు. క్యాంపర్ ఊగలేదు. అమ్మమ్మ కిటికీలోంచి చూసింది, ఇవాళైనా నిద్రపోతున్నాడులే అనుకుంది. దాల్చినచెక్క రొట్టెలు చుట్టి, కాల్చి, పైన చక్కెర పూసి, వేడివేడిగా పట్టుకెళ్ళింది. తాత బల్ల దగ్గర కూర్చునే ఉన్నాడు. ముందున్న కాఫీ చల్లారిపోయింది.

మంచు కరిగాక క్యాంపర్ మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. మొదటిసారి చూసినప్పుడు అమ్మమ్మ వంటింటి నేల మీద కూలబడింది. తర్వాత అలవాటైంది. ఎవరికీ చెప్పలేదు. పగలు వెళ్ళి తుడిచి వచ్చేది గానీ ఆ వేళప్పుడు మాత్రం అటు వెళ్ళేది కాదు. ఊగితే చాలు, ఆ రోజు గడిచిపోయేది.

ఇలా గడుస్తుండగా రాయ్‌స్ వచ్చాడు. రాయ్‌స్ తాతకి ప్రాణస్నేహితుడు. బిగ్‌హార్న్ కొండల్లో అతని పచ్చిక మీదే ప్రతి శరత్కాలం ఎల్క్ వేట విడిది. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. మగవాళ్ళు దాని వెనక తిరిగేవాళ్ళు, అమ్మమ్మ క్యాంపర్‌లో దిగి అందరికీ వండేది. తాత పోయాక వచ్చిన శరత్తులో ఆమె వెళ్ళలేదు. ఈసారి వెళ్ళాలని వేసవి నుంచే ఇనప పెనాలు తోముతోంది. ఊళ్ళో అందరికీ ఆమె పోయిన డెల్బర్ట్ పెళ్ళాం. చర్చిలో చెయ్యి పట్టుకుని వదలరు. కొండ మీద మాత్రం ఆమె ఆర్డిత్, పెనంలో కాల్చే బిస్కెట్ రొట్టెలు మాడితే తిట్లు తినే ఆర్డిత్.

రాయ్‌స్ టోపీ చేతిలో తిప్పుతూ సంగతి చెప్పాడు. పోయినేడు ఎవరిదో క్యాంపర్‌లో హీటరు అంటుకుని పచ్చిక చాలామేర కాలిపోయింది. ఇక ఇన్సూరెన్సు లేని క్యాంపర్‌ని కొండెక్కనివ్వకూడదని అతని కొడుకు పట్టుబట్టాడు.

"డేరాలో పడుకుంటావా వదినా?"

"ఈ మోకాళ్ళతోనా? పడుకుంటే నన్ను లేపడానికి నీ గుర్రాలు కావాలి."

"మరైతే ఆ కాయితం తెచ్చుకో. నువ్వు రాకపోతే మా కోడలు వండుతానంటోంది. ఆ పిల్ల డబ్బా మూత తీయడాన్ని వంటంటుంది."

అమ్మమ్మ మర్నాడే ఊళ్ళోకి వెళ్ళింది. దాణా కొట్టు పక్కన ఇన్సూరెన్సు ఆఫీసులో షెల్బీ అనే అమ్మాయి కూర్చుంటుంది. ట్రక్కుకి ఎప్పట్నుంచో ఇన్సూరెన్సు ఉంది కదా, దాని మీదెక్కేదానికీ అదే చెల్లుతుందని అమ్మమ్మ నమ్మకం. షెల్బీ ఓపిగ్గా చెప్పింది. రోడ్డు మీద వెళ్తూ ఎవరినైనా గుద్దితే ట్రక్కుది సరిపోతుంది. క్యాంపర్‌కే ఏమైనా అయితే, ముఖ్యంగా కిందికి దింపి జాకీల మీద ఉన్నప్పుడు పడినా కాలినా, పైసా రాదు.

"అది బండీ కాదు, ఇల్లూ కాదు మామ్మగారూ. మావాళ్ళ లెక్కలో ట్రక్కు మోసే బరువు. దానికి విడిగా రాయించుకోవాలి."

బరువంటే నాకు తెలుసులే, అంది అమ్మమ్మ, ఉత్సాహంగా.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఎప్పటిది, ట్రక్కుకి దేంతో కట్టి బిగిస్తారు, గ్యాస్ లీకైతే మోగే గంట ఉందా, వడగళ్ళకి పైకప్పు దెబ్బతిందా. అన్నిటికీ టకటకా చెప్పింది. తర్వాత షెల్బీ తల ఎత్తకుండానే అడిగింది.

"అందులో ఎవరైనా ఉంటున్నారా? అంటే, ఇల్లులాగా?"

అమ్మమ్మ బల్ల మీదికి వంగింది. ఉంటే ఏమవుతుందని అడిగింది. మనిషి కాపురముండే క్యాంపర్‌కి వేరే ఇన్సూరెన్సు, ఇంత పాతదానికి కంపెనీ అది ఇవ్వదు, అంది షెల్బీ. దాచిపెట్టి రాయిస్తే తర్వాత ఏం జరిగినా చెల్లదు. పొరుగూళ్ళో ఒకాయన ఎవరూ లేరని రాయించి మేనల్లుణ్ణి పెట్టుకున్నాడు, కాలిపోయాక బూడిదలో వాడి బూట్లు దొరికాయి.

"లేరనేగా? రాసేయనా?"

"రాయకు. చూసుకుని ఎల్లుండి చెప్తా."

"ఎవర్ని చూసుకుని?"

అమ్మమ్మ సంచీ తీసుకుని లేచింది.

ఇంటికొచ్చి ఏ పనీ తోచక తోమిన పెనాలే మళ్ళీ తోమింది. చచ్చినవాణ్ణి ఎవరూ మనిషి కింద లెక్కెయ్యరు, లేరని చెప్పేయొచ్చు. ఇంకొకరైతే చెప్పేసేవాళ్ళే. కానీ ఆమె కాటా మనిషి. ఊగుతోందంటే బరువుంది. బరువుందంటే ఎవరో ఉన్నట్టే. ఉన్నవాణ్ణి లేడని ఎలా రాయిస్తుంది?

మర్నాడు గాలి పడిపోయిన వేళకి రెండు కప్పుల కాఫీ పట్టుకుని క్యాంపర్ తలుపు తీసింది. లోపల బయటికంటే చల్లగా ఉంది. తడిసిన ఉన్ని వాసన, డీజిల్ వాసన. ఏడాదిగా తుడుస్తున్నా పోనివి. ఆమె తన వైపు బెంచీ మీద కూర్చుని, ఎదురుగా ఒక కప్పు పెట్టింది. తన బరువుకి గది కాసేపు ఊగింది. ఊపిరి బిగబట్టి అది ఆగేదాకా కదలకుండా ఉంది. ఆగింది. తర్వాత ఎదుటి వైపు నుంచి మెల్లగా ఒకసారి ఒరిగింది. ఆ కప్పులో కాఫీ అంచుదాకా వచ్చి వెనక్కి తగ్గింది.

"చూడయ్యా," అంది అమ్మమ్మ. "నువ్వు ఇది ఖాళీ చేయాలి."

బల్ల మీద చేతులు పెట్టుకుని సంగతంతా చెప్పింది. రాయ్‌స్ కొడుకు, కాలిన పచ్చిక, షెల్బీ అడిగిన మాట.

"ఇంట్లోకి రమ్మంటే రావు. బతికుండగానే రాలేదు. నీళ్ళు తాగిన నీ దూడల్నే నేను కాటా ఎక్కనివ్వలేదు, నిన్నెలా ఎక్కిస్తాను? ఒక పని చెయ్. ట్రక్కులో ఉండు. దాన్ని ఎవరు నడుపుతారనే అడిగారు గానీ ఎవరుంటారని ఎవరూ అడగలేదు. నా పక్క సీట్లో కూర్చో. స్టీరింగు మాత్రం ముట్టుకోకు, నీకిప్పుడు లైసెన్సు లేదు."

ఏమీ కదల్లేదు. అమ్మమ్మ తన కప్పులోకి చూస్తూ, ఇంకెవరికీ చెప్పని మాట చెప్పింది.

"ఆ రోజు ఊగలేదు. కిటికీలోంచి చూశాను. నిద్రపోతున్నావనుకున్నాను డెల్బర్ట్."

చాలాసేపటికి గది తలుపు వైపు కిందికి వంగింది, లావుపాటి మనిషి మెట్టు మీద కాలు పెట్టినట్టు. వంగి, చటుక్కున పైకి లేచింది. తలుపు మూసింది మూసినట్టే ఉంది.

మరుసటి ఉదయం గాలి లేదు. క్యాంపర్ కదల్లేదు. అమ్మమ్మ కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. తనే పొమ్మంది, పోయాడు. మళ్ళీ ఆయన చనిపోయిన ఆ ఉదయంలాగే ఉంది. ఇప్పుడే పరిగెత్తుకెళ్ళి తలుపు తీస్తే ఏమవుతుంది? కొండా వద్దు, కాయితమూ వద్దు, తిరిగి రావయ్యా అంటే వస్తాడా? ట్రక్కు ఇంటి ముందుంది. అటు వెళ్ళి చూసే ధైర్యం కూడా లేకపోయింది. సీటు ఖాళీగా కనిపిస్తే తర్వాత ఏం చేయాలో తెలియదు.

పొద్దెక్కాక షెల్బీ ఇన్సూరెన్సు కోసం క్యాంపర్ ఫొటోలు తీయడానికి వచ్చింది. చుట్టూ తిరిగి నాలుగు వైపులా తీసింది, లోపలికెక్కి పొయ్యి, హీటరు, పరుపు తీసింది. బల్ల మీద ముట్టని కాఫీ కప్పు చూసి ఆగింది.

"ఇంతకీ మామ్మగారూ, ఎవరైనా ఉంటున్నారా?"

"లేరు," అంది అమ్మమ్మ. "నిన్నటిదాకా ఉన్నారు. ఖాళీ చేయించాను."

షెల్బీ నవ్వబోయి, ఆమె మొహం చూసి కలం తీసింది. లేరని రాసింది. కిందికి దిగేటప్పుడు ఎందుకో మెట్టు మీద మెల్లగా, సడి చేయకుండా అడుగేసింది.

ఇన్సూరెన్సు కాయితం వచ్చాక అమ్మమ్మ క్యాంపర్‌ని ఒంటరిగానే ట్రక్కులోకి ఎక్కించింది. అది ఇద్దరి పని. ఒకరు ట్రక్కు వెనక్కి పోనిస్తారు, ఒకరు వెనక నిలబడి చేయి ఊపుతారు. చేయి ఊపడం ఎప్పుడూ తాత వంతు, ఊపినంతసేపూ అరుపులు కూడా. ఈసారి అద్దంలో చూసుకుంటూ, దిగుతూ ఎక్కుతూ, ఆగి ఆగి దూర్చింది. పక్క సీటు వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. చేతిసంచీ ఎప్పుడూ ఆ సీట్లోనే పడేసేది, ఇవాళ దాన్ని వెనక క్యాంపర్‌లో పెట్టింది.

ఊరు దాటింది. కొండదారి మొదలైంది. ట్రక్కు వేగం అందుకోగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగి, గంట మోగడం మొదలుపెట్టింది. టింగ్, టింగ్, టింగ్. అమ్మమ్మ తన సీటు బెల్టు తడిమి చూసుకుంది. పెట్టుకునే ఉంది.

ఎర్రదీపం పక్క సీటుది. సీట్లో మనిషుండి బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది.

అమ్మమ్మ ట్రక్కును రోడ్డు అంచుకి తీసి ఆపింది. గడ్డి మీద ఎండ పరుచుకుని ఉంది, వెనకా ముందూ ఎవరూ లేరు. గంట మోగుతూనే ఉంది. తన బెల్టు విప్పుకుని, కళ్ళు దించుకుని పక్కకి వంగింది. అటు పక్క బెల్టు లాగి, అడ్డంగా తెచ్చి, కొక్కెంలో నొక్కింది. గంట ఆగింది.

అప్పుడు చూసింది. బెల్టు సీటుకి అతుక్కోలేదు. మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా, దేనిమీంచో సాగినట్టు గాలిలో నిలబడి ఉంది.

మనిషి చిక్కిపోయాడు, అనుకుంది అమ్మమ్మ. విడిదికి చేరగానే మొదటి వాయి బిస్కెట్లు ఎవరికి పెట్టాలో ఆలోచించుకుంటూ తన బెల్టు పెట్టుకుని గేరు వేసింది.