గ్రేట్ పెల్డింగ్ మీద టాప్‌స్కాట్ ఏడుపు

మా ఊరి మాంసం కొట్టు విల్‌ఫ్రెడ్ టాప్‌స్కాట్‌కి ఒకటే వ్యసనం. పక్క ఊరిని చూసి ఏడవడం. తాగుడైతే నేను పబ్బు మూసేసరికి ఆగుతుంది. పేకాటైతే జేబు ఖాళీ అయ్యేసరికి ఆగుతుంది. ఏడుపుకి అలాంటి అడ్డూ ఆపూ లేదు.

మాది లిటిల్ పెల్డింగ్. వాగవతల వాళ్ళది గ్రేట్ పెల్డింగ్. నిజానికి ఇళ్ళు మావే ఎక్కువ. ఏ రాజు కాలంలోనో ఎవడో గుమాస్తా అలా పేర్లు పెట్టి చచ్చాడు, ఆ శిక్ష మేం అనుభవిస్తున్నాం.

"గ్రేటట గ్రేటు! దేనికయ్యా గ్రేటు?" అంటూ టాప్‌స్కాట్ నా పబ్బులో బల్ల గుద్దేవాడు. గ్లాసులు నావి కాబట్టి నేనే జవాబు వెతుక్కోవాలి.

పడమటి కొండ వాళ్ళ వైపుంది. సాయంత్రం కాగానే ఈయన కడుపుమంట మొదలు. "చూశావా? మన పొద్దుని రోజూ ముందుగానే మింగేస్తున్నారు!"

"కొండని వాళ్ళు పెట్టలేదు కదయ్యా."

"తియ్యనూ లేదుగా!"

వాగు మొదట వాళ్ళ ఇళ్ళ మధ్య పారి, ఆ తర్వాతే మా పొలిమేరకొస్తుంది. "వాళ్ళ బాతులు ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు మన బాతులు తాగాలా?" అని ఒక ఏడాదంతా మా బాతుల తరఫున బాధపడ్డాడు. బాతులకి మాత్రం ఏ బాధా లేదు.

చర్చి సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళ చర్చిలో పాత సమాధి మీద పడుకున్న రాతి వీరుడికి ముక్కుంది. మా చర్చిలో వీరుడికి లేదు. "ముక్కున్న వీరుడు వాళ్ళకీ, ముక్కులేని వీరుడు మనకీనా!" అని వాపోతే, భార్య ఎడ్నా అల్లిక ఆపకుండానే అంది: "ఊరికంతటికీ చాలినంత ముక్కు నీకుందిగా. అన్నిట్లోనూ దూర్చడానికి."

ఇన్ని ఏడుపుల్లో ఆయనకి ఒక్కటే ఊరట. పొలిమేరలో లవీనియా క్రాకర్ అనే ముసలావిడ ఇల్లుంది. ఆ పెరట్లో వేల ఏళ్ళు బతికే యూ జాతి చెట్టొకటుంది, మా రెండు ఊళ్ళ చర్చిలకంటే పాతది. ఒకప్పుడు వాగు ఆ ఇంటికి అవతలగా పారేది. ఏదో వరదలో దారి మార్చుకుని ఇవతలకొచ్చింది. పాత వాగు హద్దనుకుంటే చెట్టు మాది. కొత్త వాగు హద్దనుకుంటే వాళ్ళది. గ్రేట్ పెల్డింగ్ పెద్ద మేజర్ ఫార్నబీ కొత్తదే అంటాడు. టాప్‌స్కాట్ పాతదే అంటాడు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ అంటూనే ఉన్నారు.

ఒక చలికాలం వాగు లవీనియమ్మ ఇంట్లోకే వచ్చింది. నేలంతా చెమ్మ, పొయ్యి రాజుకోదు, ఆవిడ మోకాళ్ళు లేవనివ్వవు. గ్రేట్ పెల్డింగ్‌లో ఎవరో ఉన్ని వ్యాపారి పూర్వం కట్టించిన వృద్ధుల సత్రం ఉంది. వెచ్చటి గది, ఆదివారం వేపుడు మాంసం, అంతా ఉచితం. ఒక గది ఖాళీ అయింది కూడా. కాకపోతే అది ఆ ఊరివాళ్ళకే. రెండు ఊళ్ళకీ కలిపి ఉన్న ఒక్క పాస్టరుగారు సభ పెట్టించారు.

మేజరు మీసం దువ్వుకుంటూ లేచాడు. "సాయం చెయ్యాలనే ఉందండీ. కానీ ఆ ఇల్లు లిటిల్ పెల్డింగ్‌ది. ఇరవై ఏళ్ళుగా టాప్‌స్కాట్ గారే చెబుతున్నారు కదా!"

అందరం టాప్‌స్కాట్ వైపు తిరిగాం. ఆయన లేచాడు.

"నేను పొరబడ్డాను, మేజరుగారూ."

ఎడ్నా అల్లిక సూది జారి కింద పడింది. పెళ్ళయ్యాక ఆ మాట ఆవిడ వినడం అదే మొదలట.

"ఇప్పుడు వాగెటు పారితే అదే హద్దు. మీరన్నదే న్యాయం. ఇల్లు మీది."

"అబ్బే, పాత వాగే హద్దు! మీరన్నదే సబబు. మీదే!"

"మీదేనండీ!"

"కాదు, మీదే!"

పాస్టరుగారి తల అటూ ఇటూ తిరిగి తిరిగి అలిసిపోయింది.

టాప్‌స్కాట్ నింపాదిగా టోపీ తీసుకున్నాడు. "సరే, మీ ఇష్టం. అయితే చెట్టు కూడా మాదే. రేపే బోర్డు పాతిస్తాను. ఇకనుంచి మిమ్మల్ని చూసి నేను ఏడవక్కర్లేదు. మమ్మల్ని చూసి మీరేడవచ్చు."

మేజరు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. వెనక వరసలోంచి ఓ ఆవిడ గొంతు: "ఏంటీ, మనం? వాళ్ళని చూసా?"

"ఒకవేళ చెట్టు వరకూ మేం తీసుకుని..." అని నసిగాడు మేజరు.

"చెట్టు వేళ్ళు ఇంటి కిందున్నాయి బాబూ. చెట్టు కావాలంటే ఇల్లూ తీసుకోవాలి. ఇల్లు తీసుకుంటే అందులో ఉన్న లవీనియమ్మనీ తీసుకోవాలి." టాప్‌స్కాట్ ఒక్క నిట్టూర్పు విడిచాడు. "తీసుకున్నారో, నేను బతికున్నన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి ఏడుస్తాను. ముద్ద దిగదు నాకు."

అంత పెద్ద ఆశ చూపిస్తే ఎవరాగుతారు? గ్రేట్ పెల్డింగ్ చేతులన్నీ ఒక్కసారే లేచాయి.

ఇంటికొస్తూ అడిగాను. "మనకున్నది ఒక్క చెట్టు. అదీ ఇచ్చేశావు కదయ్యా?"

"చెట్టు ఇంకో వెయ్యేళ్ళు ఆ వాగునీళ్ళలో నిలబడుతుంది. ఆవిడ ఇంకో నెల నిలబడదు" అన్నాడు. మళ్ళీ వెంటనే, "అయినా వాళ్ళకి అంత మంచి చెట్టెందుకూ!" అని దారి పొడుగునా ఏడ్చాడు.

మర్నాడు మాంసం బండి కడిగి, దుప్పట్లు పరిచి, ఆవిడని తనే సత్రానికి చేర్చాడు. ఆదివారం ఆవిడని చూడ్డానికెళ్తూ నన్నూ వెంటేసుకెళ్ళాడు. లవీనియమ్మ పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని మహారాణిలా ఉంది.

"రా నాయనా, ఆ కిటికీ దగ్గర కూర్చో" అంది.

టాప్‌స్కాట్ కూర్చున్నాడు. బయటికి చూశాడు. వాగవతల మా ఊరు కనిపిస్తోంది. గడ్డి కప్పుల మీద ఎండ, పొగ గొట్టాల్లోంచి సన్నగా పొగ, పచ్చటి గట్టు మీద గొర్రెలు.

"ఇది మన ఊరేనా?" అన్నాడు చిన్నగా.

"మనదే" అన్నాను.

"ఇంత బాగుంటుందా!" అని కాసేపు మురిసిపోయాడు. అంతలోనే మొహం ఎర్రబడింది. "చూశావా దుర్మార్గులు! దీన్ని రోజూ కూర్చుని చూస్తున్నారన్నమాట!"